వేదాంతం మావయ్య కుడిచెయ్యి

కుట్టు మెషీన్లు బాగుచేసే మావయ్యకి వీధి వీధంతా కలిసి పెట్టిన పేరు వేదాంతం మావయ్య. పగలంతా నూనె చేతులతో బాబిన్లూ బెల్టులూ సవరించి, సాయంత్రం స్నానం చేసి ముందుగదిలో చాప పరిచేవాడు. ఇరుగుపొరుగు చేరేవాళ్ళు.

"ఒళ్ళు మారుతుంది, మనసు మారుతుంది. ఆ మార్పులన్నీ చూస్తూ తాను మాత్రం మారనిదే ఆత్మ. నువ్వు అదే" అని చెప్పేవాడు.

"ఆ మారనిదానికి టీలో చక్కెర ఎంత వెయ్యమంటారు?" అని వంటింట్లోంచి అత్తయ్య కేకేసేది. అందరికంటే ముందు మావయ్యే నవ్వేవాడు.

ఒకరోజు పొద్దున్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆయన మంచం మీద కూలబడ్డాడు. పక్షవాతం. ఆసుపత్రి నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాడు, మాట కూడా కుదుటపడింది గానీ, కుడిచెయ్యి మాత్రం కొక్కేనికి తగిలించిన తువ్వాల్లా వేలాడిపోయింది.

ఆ తర్వాత చాప విప్పలేదు. వచ్చినవాళ్ళకి అత్తయ్యే ఏదో సర్దిచెప్పి పంపించేది. ఓ మధ్యాహ్నం ఆవిడ గోరువెచ్చటి నీళ్ళతో ఆ చేతిని తుడుస్తుంటే మావయ్య భోరుమన్నాడు.

"ఒళ్ళు నేను కాదు, నేను కాదని ఇన్నేళ్ళూ అందరి చెవులూ ఊదరగొట్టాను. ఒక్క చెయ్యి పడిపోయేసరికి పసిపిల్లాడిలా ఏడుస్తున్నాను. నా వేదాంతమంతా ఉత్త కబుర్లేనే."

అత్తయ్య తుడవడం ఆపి, ఎప్పట్నుంచో లోపలున్న సందేహమే అడిగింది.

"ఏడుపొస్తోందని మీకు తెలుస్తోందా?"

"తెలియకేం?"

"భయమేస్తోందనీ తెలుస్తోందా?"

"ఆఁ."

"మరి ఆ తెలుస్తున్నదానిక్కూడా పక్షవాతం వచ్చిందా? వెటకారం కాదండీ, నిజంగానే అడుగుతున్నా. రోజూ వినడమే గానీ నాకెప్పుడూ అర్థమై చావలేదు."

మావయ్య కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని ఆవిడ గిన్నె తీసుకుని లేవబోయింది.

"దానికేం కాలేదే" అన్నాడు మెల్లగా. "ఎప్పటిలాగే ఉంది. ఏడుపు మాత్రం ఆగట్లేదు."

"ఆగకపోతే ఏడవండి. నేను లేనూ?"

మర్నాడు ఆయనే చాప వెయ్యమన్నాడు. "తన్ను తాను తెలుసుకున్నవాణ్ణి దుఃఖం అంటదని చెప్పాను మీకు. నన్ను గట్టిగానే అంటింది. దాన్ని చూస్తున్నది మాత్రం తడవలేదు. రెప్పపాటు సేపు దొరికింది, మళ్ళీ జారిపోయింది. అంతకు మించి నాకు తెలియదు."

రోజూ గోడకానుకుని కునుకు తీసే పక్కింటి టైలరు నిటారుగా కూర్చున్నాడు. "ఇవాళ నిద్ర రాలేదు మావయ్యా!"

చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. మావయ్య పక్కన కూర్చుని చెబుతుంటే అత్తయ్య స్క్రూలు బిగించడం నేర్చుకుంది. పోట్లాడుకుంటూనే ఇద్దరూ చాలా ఏళ్ళు మెషీన్లు బాగుచేశారు. ఎవరు బాగుచేశారని అడిగితే ఒకరినొకరు చూపించుకునేవాళ్ళు.