ఖాజా హుస్సేన్ విప్పిన సైకిల్

కదిరిలో రైలు గేటు దాటి నాలుగడుగులు వేస్తే ఎడమచేతి వైపు ఒక రేకుల కొట్టు. దాని ముందు పీట మీద కూర్చుని, చక్రాన్ని ఒడిలో పెట్టుకుని తిప్పుతూ కనిపించే మనిషి ఖాజా హుస్సేన్. వయసు యాభై ఎనిమిది. అందులో నలభై ఏళ్లు సైకిళ్లతోనే గడిచిపోయాయి. పనితనానికి వంక పెట్టడానికి లేదు గానీ, నోరుంది చూశారూ, దానికి మాత్రం దండం పెట్టాలి. గొలుసుకు నూనె వెయ్యకపోతే ఒక తిట్టు, గాలి లేకుండా తొక్కితే రెండు తిట్లు. తిట్లు తిన్నవాళ్లు మళ్లీ ఆ కొట్టుకే వచ్చేవారు, అది వేరే సంగతి.

ఆయనకు అన్నిటికంటే ఒళ్లు మండే మాట ఒకటుంది. "అన్నా, అన్ని దారులకూ పనికొచ్చే సైకిల్ ఒకటి చూపించు" అని ఎవరైనా అడిగారా, చేతిలో పానా కింద పడేసేవాడు.

"అన్ని దారులకా? తారు రోడ్డుకు సన్న టైరు గావాల. ఇసకలోకి లావు టైరు గావాల. రాళ్లల్లో పోవాలంటే కుదుపు తగలకుండా ముందర షాకులు గావాల. పెండ్లికీ సావుకూ ఒకటే గుడ్డలేసుకొని పోతావా ఏమప్పా?"

నలభై ఏళ్లుగా ఇదే మాట. ఆ మాట మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, భార్య గౌస్‌బీ కూడా ఎదురు చెప్పేది కాదు.

పోయిన సంక్రాంతి ముందు అరుణజ్యోతి వచ్చి సరిగ్గా ఆ మాటే అడిగింది. ముప్పై రెండేళ్ల మనిషి, సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. ఊళ్లు తిరిగి గొర్రెలకు, మేకలకు టీకాలు వేసే పశుసఖి. ఖాజా హుస్సేన్ తన పాట మొదలుపెట్టాడు. ఆమె ఓపిగ్గా చివరిదాకా విన్నది.

"అంతా నిజమే మామా. కానీ నాకుండేది ఒక్క ఒళ్లు. మూడు సైకిళ్లు యాడ తొక్కేది? నా దారిలో తారుండాది, మట్టుండాది, వంకలో ఇసక ఉండాది, బోడికొండ కాడ గుండ్లు ఉండాయి. అన్నీ ఒక్క పొద్దుటే దాటాల."

ఎందుకు దాటాలో కూడా చెప్పింది. బోడికొండ మీద తిప్పయ్య మంద ఉంది, నూట ఇరవై గొర్రెలు. వానలు పడ్డాక లేత గడ్డి మేసి చిటుకు రోగం వస్తే, రాత్రి బాగున్న గొర్రె తెల్లారేసరికి పడి ఉంటుంది. వానలకు ముందే టీకా పడాలి. ఆ మందేమో చల్లగా ఉన్నంతసేపే మందు, వేడెక్కితే వట్టి నీళ్లు. ఎండాకాలంలో థర్మాకోల్ డబ్బాలోని మంచు నాలుగు గంటలు నిలిస్తే గొప్ప. స్కూటరు కొండ కింది గుండ్ల దగ్గరే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి ఇంకా నాలుగు మైళ్లు. పోయినేడు అలా నడిచి వెళ్లేసరికి సీసా వెచ్చబడింది. ఆ మందు పొడిచేసి వచ్చేస్తే అడిగేవాడు లేడు. అరుణజ్యోతి పొడవలేదు. తిప్పయ్య కళ్ల ముందే నేల మీద పారబోసింది. వానలు పడ్డాక ఆయనవి పదకొండు గొర్రెలు పోయాయి.

"ఇంగ ఒక్కసారి చూస్తానన్యాడు. మల్లా ఎచ్చటి మందు తెస్తే కొండెక్కొద్దని చెప్పినాడు. ఆయప్ప వద్దంటే ఆ కొండ మీద మిగతా మందలోల్లు కూడా నన్ను రానీరు మామా."

ఖాజా హుస్సేన్ పీట మీంచి లేచాడు. ఎవరో బెంగళూరు నుంచి తెచ్చి, రెండు ఆదివారాలు తొక్కి మోజు తీరి వదిలేసిన గేర్ల సైకిల్ ఒకటి కొట్టు వెనక పడి ఉంది. దాన్ని బయటికి లాగాడు. అందరూ బ్రేకు నొక్కి చూస్తారు, గేరు మార్చి చూస్తారు. ఈ మహాతల్లి ఏం చేసిందంటే, సైకిల్‌ను అమాంతం ఎత్తి భుజాన వేసుకుంది.

"తొక్కేదానికా, మోసేదానికా పాపా?" అని ఆయన పగలబడి నవ్వాడు.

"రెండిటికీ" అంది ఆమె. "ముందర ఈ షాకులు తీసేయి మామా, ఇవే సగం బరువుండాయి."

ఆయన గొణుక్కుంటూనే షాకులు తీసి మామూలు ఫోర్కు బిగించి ఇచ్చాడు. పనికిరాని సైకిల్ చేయించుకుపోయిందని ఆ రోజు గౌస్‌బీతో చెప్పుకున్నాడు కూడా.

నాలుగు నెలలు గడిచాయి. సైకిల్ బాగానే తిరుగుతోంది. పంక్చర్లు మాత్రం మాటిమాటికీ పడుతున్నాయి. కంపముళ్ల దారి మరి! ప్యాచ్ వేయించుకోవడానికి వచ్చినప్పుడల్లా అరుణజ్యోతి భుజాల మీద డబ్బా తాళ్లు ఒరుసుకుపోయిన ఎర్రటి చారలు కనపడేవి. గౌస్‌బీ చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఆ పాప ఈపు సూడు. డబ్బా పెట్టుకునేదానికి ఒక క్యారియరు బిగించకూడదా? ఏం మనిషివప్పా నువ్వు!"

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. టీకా రోజుకు ముందు అరుణజ్యోతి సైకిల్‌ను ఒకసారి చూడమని వదిలి వెళ్తే, ఖాజా హుస్సేన్ పగలంతా దానికే అంకితమైపోయాడు. ఇనుప క్యారియరు బిగించాడు. గట్టి స్టాండు, చుట్టూ చైన్‌కవరు, రెండు మడ్‌గార్డులు పెట్టాడు. ముల్లు దిగకుండా పాత టైర్ల అంచులు కోసి, రెండు చక్రాల్లోనూ ట్యూబు చుట్టూ లోపలి టైరుగా దూర్చాడు. పైసా అడగలేదు. పెళ్లికూతుర్ని చూసుకున్నట్టు చూసుకుని మురిసిపోయాడు. సాయంత్రం ఆమె వచ్చి సైకిల్ పట్టుకుంది. ఒక్క క్షణం ఆమె మొహం ఎలాగో అయింది, వెంటనే నవ్వింది.

"శానా బాగుండాది మామా."

"రేపు నేనూ వస్తా. గుండ్ల కాడిదాకా వచ్చి, ఇది ఎట్ల పోతాదో కండ్లారా చూస్తా" అన్నాడు ఆయన.

తెల్లవారి ఆరింటికి పశువుల ఆసుపత్రి నుంచి మందు, మంచు డబ్బాలో పెట్టుకుని బయలుదేరారు. ఆయన తన పాత నల్ల సైకిల్ మీద వెనకే వస్తున్నాడు. తారు రోడ్డు మీద ఆమె బండి గసపోస్తున్నట్టు మూలిగింది. మట్టి దారిలో ఆమె వీపు తడిసిపోయింది. ఎండిపోయిన వంక దగ్గర ఆమె దిగి, రెండు టైర్లలోనూ గాలి సగానికి వదిలేసింది. మెత్తబడ్డ టైరు ఇసుక మీద పరుచుకుని దిగబడకుండా దాటింది. గట్టు ఎక్కాక చిన్న పంపుతో మళ్లీ గాలి నింపుకుంది. ఖాజా హుస్సేన్ తన సన్న టైర్ల సైకిల్‌ను చీలమండల లోతు ఇసుకలో ఈడ్చుకుంటూ వచ్చి నోరు వెళ్లబెట్టాడు. లావు టైరు, సన్న టైరు అని నలభై ఏళ్లు జనాన్ని తిట్టాడే! ఒక్క టైరునే ఈ పిల్ల రెండు చేసేసింది.

గుండ్ల దగ్గరికి చేరేసరికి తొమ్మిది దాటింది. ఏనుగులంత బండలు, ఒకదాని మీద ఒకటి. అరుణజ్యోతి డబ్బా వీపుకు కట్టుకుని, సైకిల్ బారు కింద భుజం పెట్టి లేపింది. లేవలేదు. పళ్లు బిగించి మళ్లీ లేపింది. మోకాలి ఎత్తుకు లేచి ధడేలున కింద పడింది. మూడోసారి ఆమే బండకు కొట్టుకుంది, మోచేయి గీరుకుపోయింది. లేచి, వీపు మీది డబ్బా విప్పి చెవి ఆనించింది. లోపల గడ్డల చప్పుడు పోయి నీళ్ల చప్పుడు మొదలైంది.

ఖాజా హుస్సేన్ తన సైకిల్ వదిలేసి పరుగున వచ్చాడు. ఆ మొదటి రోజు ఆమె సైకిల్‌ను ఎందుకు ఎత్తి చూసిందో, తను ఎందుకు నవ్వాడో, నిన్న సాయంత్రం ఆ మొహం ఎందుకు అలా అయిందో అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆమె దారి మొత్తంలో కష్టమైన ముక్క తొక్కేది కానే కాదు, మోసేది. తను ప్రేమగా బిగించిన ప్రతి ఇనుప ముక్కా ఆ భుజం మీదే పడింది.

"నిన్ననే ఒక మాట చెప్పకూడదా పాపా?"

"నీ మొగం చూసి నోరు రాలేదు మామా."

ఆయన నడుముకున్న పానాల సంచి విప్పి బండ మీద గుమ్మరించాడు. నలభై ఏళ్లు బిగించడంలో ఆరితేరిన చేతులు, ఆ రోజు విప్పడం మొదలుపెట్టాయి. క్యారియరు పోయింది. స్టాండు పోయింది. మడ్‌గార్డులు, చైన్‌కవరు ఎండలో ఖణేల్ ఖణేల్‌మని పడ్డాయి. చక్రాలు ఊడదీసి లోపలి టైర్లను పేగుల్లా లాగి పారేశాడు.

"ముల్లు దిగితేనో?" అన్నాడు, చేతులు ఆపకుండానే.

"ప్యాచ్ ఏసుకుంటా. బరువుకు ప్యాచ్ యాడ ఏసేది మామా?"

పావుగంట పట్టలేదు. చివరి నట్టు బిగించి ఆయన పక్కకు జరిగాడు. అరుణజ్యోతి సైకిల్‌ను భుజాన వేసుకుని, ఒక చేత్తో బండ పట్టుకుంటూ ఎక్కిపోయింది. పైన అంచు మీద ఒక్కసారి కనపడింది. అక్కడి కాలిబాట మీద సైకిల్ దించి, ఎక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఖాజా హుస్సేన్ ఆ ఇనుప కుప్ప పక్కనే బండ నీడలో కూలబడ్డాడు. ఆ పావుగంటలో ఎంత మంచు కరిగి ఉంటుందోనని లెక్కలు వేసుకున్నాడు. మళ్లీ మందు పారబోయాల్సి వస్తే ఆ పిల్ల మొహం ఎలా చూడాలి? తెచ్చుకున్న రొట్టె సంచిలోనే ఎండిపోయింది. అల్లాను తలచుకున్నాడు, తనను తాను తిట్టుకున్నాడు. ఎన్ని వందల మందిని తిట్టాడో, ఆ తిట్లన్నీ ఆ రోజు తనకే తగిలాయి.

పొద్దు నడినెత్తి దాటి కొంచెం వాలాక పైన మాటలు వినపడ్డాయి. ముందు సైకిల్ కనిపించింది. అది అరుణజ్యోతి భుజం మీద లేదు. తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన ఒకడు దాన్ని భుజాన వేసుకుని, మేకపోతులా బండ మీంచి బండ మీదికి దిగుతున్నాడు. వెనకాల ఆమె ఖాళీ డబ్బా ఊపుకుంటూ వస్తోంది.

ముసలాయన సైకిల్‌ను ఖాజా హుస్సేన్ ముందు పదిలంగా దించాడు.

"నేనే తిప్పయ్యను. నువ్వేనా సాయిబూ దీన్ని చేసిచ్చిండేది? మందు సీసా పట్టుకుంటే చేతి ఏళ్లు జివ్వుమన్యాయి. నూటిరవైకీ ఏయించినా. రేపు మా పక్కనుండే సోమప్ప మందకు కూడా రమ్మని నేనే చెప్పినా."

ఖాజా హుస్సేన్ తల అడ్డంగా ఊపాడు. "నేను చేసింది గాదప్పా" అన్నాడు. "నేను చేసిందంతా అదిగో, ఆడ పడుండాది."

తిప్పయ్య ఆ కుప్పను చూసి ఏమీ అర్థంకాక తల గోక్కున్నాడు. అరుణజ్యోతి మాత్రం బండకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ ఇనుమంతా తన నల్ల సైకిల్ వెనక కట్టుకుని ఖాజా హుస్సేన్ కదిరికి తిరిగొచ్చాడు. వారం తిరక్కుండానే కాలేజీ కుర్రాడు ఒకడు కొట్టు ముందు నిలబడి, అన్ని దారులకూ పనికొచ్చే సైకిల్ ఏదైనా ఉందా అని అడిగాడు. లోపల చాయ్ పోస్తున్న గౌస్‌బీ, ఇక తిట్లు మొదలవుతాయని చెవులు రిక్కించింది. ఖాజా హుస్సేన్ పానా కింద పడెయ్యలేదు. లేచి, గోడకు ఆనించిన సైకిల్‌ను తెచ్చి ఆ కుర్రాడి ముందు పెట్టాడు.

"తొక్కేది తర్వాత చూద్దాం. ముందర దీన్ని ఎత్తి భుజానేసుకో నాయనా."