అమావాస్య నాడు ఎత్తిన షట్టర్

ఆ రోజు నేనెంత భయపడ్డానో డైరీలో రాసుకున్నాను కానీ, ఎవరికీ చెప్పలేదు.

మరిపెడలో మాది పెయింట్ల దుకాణం. కిందటేడు నాయిన దాన్ని నా పేరుకు మార్చి జీఎస్టీ నంబరుకు దరఖాస్తు పెట్టారు. అధికారి తనిఖీకి వచ్చిన రోజు అమావాస్య. ఆ రోజు మేము దుకాణం తెరవం. జనగామ వెళ్లిన నాయిన ఫోన్ ఎత్తడం లేదు.

"ఈడ దుకాణమే నడుస్తలేదని రాస్తున్నమ్మా," అన్నాడు అధికారి, మూసిన షట్టర్‌ను ఫోటో తీస్తూ.

నంబరు రాకపోతే కంపెనీ సరుకు పంపదు. దుకాణం మూసుకోవాల్సిందే. కొత్తవాళ్లతో మాట్లాడటం నాకు అలవాటు లేదు. దుకాణం వెనకే ఉన్న మా ఇంట్లోకి పరుగెత్తి తాళంచెవి తెచ్చాను. అవ్వ అడ్డం నిలబడింది.

"అమాసనాడు షట్టర్ లేపుతవా? మీ తాత గూడ లేపలే."

"ఇయ్యాల లేపకుంటే ఇగ లేపే పనే ఉండదవ్వా."

తాళం తీసి షట్టర్ పైకి నెట్టాను. ఆయన లోపలి డబ్బాల వరుసలన్నీ చూశాడు.

"ఓనర్ ఎవరు?"

"నేనే సార్," గట్టిగా అన్నాను.

నన్ను బోర్డు కింద నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. నంబరు వస్తుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఒకరి ముందు అంత గట్టిగా మాట్లాడటం నాకదే మొదటిసారి. షట్టర్ దించబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"లేపనే లేపినవ్ గద బిడ్డా. జర కూసో, బోణీ గూడ నువ్వే చెయ్యి."