వెనకగది గోడ

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలిచేవారు. అసలు పేరుతో పిలిచేది వాళ్లమ్మ ఒక్కతే. ఆవిడ పోయాక ఆ పేరుతో పని లేకుండా పోయింది.

కింద కుట్టు కొట్టు, పైన కాపురం, మధ్యలో నిచ్చెనలాంటి మెట్లు. మోకాళ్లు మొరాయించడం మొదలయ్యాక, గుక్కెడు టీ కోసం పైకెక్కాలన్నా ఆమెకు పెద్ద ప్రయాణంలా ఉండేది. పక్క వీధిలో నేలమీదే ఉన్న చిన్న ఇల్లు ఒకటి అమ్మకానికి వచ్చిందని తెలిసి, ఇది అమ్మి అది కొందామనుకున్నారు.

ఆమె భర్త బస్సు కండక్టరు. ఎంత రద్దీలోనైనా జోకు వెయ్యకుండా టికెట్టు కొట్టడు. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారేగానీ, ఇల్లు అమ్మి చూడమని ఎవరూ అనలేదు. అంటే అది సులువన్నమాటే," అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. వాళ్ల పైఇంట్లో వెనకగది గోడ ప్రతి వానాకాలం చెమ్మగిల్లేది. డాబామీద నీళ్లట్యాంకు కోసం కట్టిన దిమ్మ కింద స్లాబు పగిలింది. నీళ్లు అక్కడ దూరి, లోలోపలే పాకి, ఎక్కడో దూరంగా గది మూలన బయటపడేవి. ట్యాంకు దించి పైనుంచి బాగుచెయ్యాలని ఇద్దరికీ తెలుసు. "వచ్చే ఏడు చూద్దాం" అంటూ ప్రతి ఏడూ లోపల సున్నం పూసి ఊరుకున్నారు.

బేరానికి పెట్టగానే వచ్చిన బ్రోకరు ఆ మూలను ఇట్టే పసిగట్టాడు. "ఎండాకాలంలోనే అమ్మెయ్యండి. లప్పం పెట్టి రెండు పూతలు రంగెయ్యండి. దాని ముందు బీరువా జరపండి. కొనేవాళ్లు బీరువాలు జరిపి చూడరు," అన్నాడు.

పైన పటారం, లోన లొటారం. గది కొత్త పెళ్లికూతురిలా తయారైంది.

కళ్లద్దాల కొట్టులో పనిచేసే ఒకమ్మాయి, భర్తతో కలిసి చూడ్డానికి వచ్చింది. ఆమెకు వెనకగది బాగా నచ్చింది. దానికి బాత్రూము కలుపుకుంటే అత్తగారికి బాగుంటుందంది. అంతా చూశాక, వెళ్లబోతూ టైలరమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఎవరైనా ఇంజనీరును తెచ్చి చూపించుకోమంటున్నారు అందరూ. మీరు చెప్పండి. వానొస్తే నీళ్లేమైనా దిగుతాయా?"

"చుక్క కూడా దిగదమ్మా," అంది టైలరమ్మ.

"మీరు చెప్పారుగా, చాలు. ఇంక ఇంజనీరెందుకు!"

ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్లిపోయాక కూడా ఆ చేతి వెచ్చదనం టైలరమ్మ అరచేతిలో చాలాసేపు ఉండిపోయింది. అడిగినవాడికి అబద్ధం చెప్పడం వేరు, నమ్మి ఇంకొకరిని అడగడం మానుకున్నవాళ్లకు చెప్పడం వేరు అని ఆమెకు అప్పుడే తోచింది. తోచినా, ఆ అమ్మాయి పేర రాసిన అమ్మకం కాగితాలమీద సంతకం పెట్టేసింది.

కొత్త ఇల్లు అమ్మిన ముసలాయన తాళాలు ఇచ్చి వెళ్లిపోతే సరిపోయేది. ఆయన వెళ్లలేదు. మొత్తం ఇల్లు తిప్పి చూపించాడు. "ఈ కిటికీలోంచి ఏటవాలు జల్లు కొడుతుంది తల్లీ, మిషను ఇక్కడ పెట్టకు. వంటింటి కాలువకు జాలీ ఉంది, వానలకు ముందోసారి తీసి కడిగించు. ఈ గొళ్లెం పైకెత్తి వేస్తేనే పడుతుంది, లేకపోతే దొంగకు తలుపు తీసి పెట్టినట్టే. మెయిన్ వాల్వు ఇదిగో, ఈ రాయి కింద. పైపు పగిలినరోజు వెతుక్కోకు." పైగా, "నేను అమ్మేశాను కదాని మొహమాటపడకు, ఏదైనా తేడా వస్తే కబురు పెట్టు," అన్నాడు.

ఆయన ఒక్కొక్కటే చెబుతుంటే టైలరమ్మకు చెంపమీద ఒక్కొక్కటే పడుతున్నట్టుంది. ఆ పూట అన్నం కెలికి లేచింది.

"ఏమైంది?" అన్నాడు కండక్టరు.

"ఆ పిల్లకు చెప్పేద్దామండీ."

"అమ్మేసిన ఇంటి గోడ మనకెందుకు? వాళ్లే చూసుకుంటారు. ఎవరి ఇంటికి రిపేర్లుండవు?" ఈసారి అతను జోకు వెయ్యలేదు.

వానలు వచ్చాయి. కొత్త ఇంటి ముందుగదిలో పెట్టుకున్న కొట్టులో టైలరమ్మ మిషను తొక్కుతూ చూరు చప్పుడు వినేది. ఇక్కడ చినుకు పడితే అక్కడ ఆ మూల తడుస్తుందని ఆమెకు తెలుసు. ఎవరైనా "ఇల్లు" అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది.

ఒకరోజు జాకెట్టు తీసుకోవడానికి వచ్చిన పాత పొరుగింటావిడ చెప్పింది. "విన్నావా? మన గోడల డాక్టరు పరువు పోయింది. నీ పాత ఇంట్లో బాత్రూము పని చేశాడటగా. గోడంతా నీళ్లు. పైపులు సరిగ్గా అతకలేదని ఆ అమ్మాయి వీధంతా చెబుతోంది. రెండుసార్లు పగలగొట్టి మళ్లీ వేశాడు, అయినా ఆగలేదు. పెద్ద అపార్ట్‌మెంటువాళ్లు కూడా ఆయన్ను మాన్పించేశారు."

గోడల డాక్టరంటే ఆ వీధి ప్లంబరు. గోడకు చెవి ఆనించి, వేలితో తట్టి, నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చెబుతాడని పిల్లలు పెట్టిన పేరది. నెమ్మదస్తుడు. ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనడు.

టైలరమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. తన అబద్ధం తనకూ ఆ అమ్మాయికీ మధ్యే ఉందనుకుంది. అది వీధిలోకి వెళ్లి ఇంకొకడి నోటికాడి కూడు లాక్కుందని తెలియలేదు.

కొట్టుకు తలుపేసి బయల్దేరింది. పాత మెట్లు ఒక్కొక్కటీ చెయ్యానించి ఎక్కింది. పైన గోడ పగలగొడుతున్న చప్పుడు. వెనకగదిలో ప్లంబరు మోకాళ్లమీద కూర్చుని ఉలితో కొడుతున్నాడు. ముసలి అత్తగారి మంచం నడిమింట్లోకి వచ్చేసింది. అమ్మాయి గుమ్మంలో నిలబడి, "ఇదే ఆఖరుసారి, ఇప్పుడూ ఆగకపోతే వేరేవాళ్లను పిలుస్తా," అంటోంది.

"ఆయన్ని ఆపమ్మా," అంది టైలరమ్మ, రొప్పుతూ. "ఆ నీళ్లు పైపువి కావు."

ఇద్దరూ తిరిగి చూశారు.

"డాబామీద ట్యాంకు దిమ్మ కింద పగులుంది. అక్కణ్ణుంచి వస్తాయి. మేమున్నప్పుడూ వచ్చేవి."

అమ్మాయి గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకేసింది. "మీకు తెలుసా?"

"తెలుసు."

"నేను అడిగాను కదా."

"అడిగావు."

"చుక్క కూడా దిగదన్నారు."

"అన్నాను."

అమ్మాయి మొహం ఎర్రబడింది. "మీ మాట నమ్మి ఇంజనీరును వద్దన్నానండీ," అంది. అక్కా అనలేదు.

ప్లంబరు ఉలి కింద పెట్టి, మొహంమీది సిమెంటు దుమ్ము తువ్వాలుతో తుడుచుకున్నాడు. "నేను నా చేతినే అనుమానించుకున్నానమ్మా," అన్నాడు మెల్లగా. "ఇక ఈ పని నావల్ల కాదని మొన్న మా ఆవిడతో అన్నాను." అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండునని టైలరమ్మకు అనిపించింది.

ఆ సాయంత్రం కండక్టరు చాలాసేపు గొణిగాడు. తర్వాత తనే లేచి, "ట్యాంకు దించడానికి ఇద్దరు మనుషులు కావాలి," అన్నాడు. వాన తెరిపిచ్చినప్పుడు ట్యాంకు దించారు. దిమ్మ కొట్టేశారు. పగులు పొడవునా తవ్వి, పైనుంచి పూడ్చి, నీళ్లు నిలవకుండా వాలు పెట్టారు. ఖర్చు వీళ్లదే. ఆ పని ప్లంబరు చేతులమీదుగానే జరగాలని టైలరమ్మ పట్టుబట్టింది. కండక్టరు డ్యూటీ దిగివచ్చి ఇసుక మోశాడు.

గోడ ఆరడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఆరిన సంగతి టైలరమ్మకు పొరుగింటావిడ చెబితేనే తెలిసింది. ఆ అమ్మాయి ఇప్పుడు బట్టలు వేరే కొట్టులో కుట్టించుకుంటోంది.

కొట్టుకు వచ్చిన ప్రతి మనిషికీ టైలరమ్మ తనే ఎత్తుకుని చెప్పేది. "ప్లంబరు తప్పేం లేదు, నేనే దాచాను." కొందరు "పోనీలెండి, అందరూ చేసేదే" అనేవారు. ఆ ఓదార్పు ఆమెకు మింగుడుపడేది కాదు. కొందరు కొలతలిచ్చి వెళ్లినవాళ్లు గుడ్డ తీసుకుని రాలేదు.

వీధిలో ఇళ్లవాళ్లు ప్లంబరును మళ్లీ పిలవసాగారు. పెద్ద అపార్ట్‌మెంటుకు ఆమె స్వయంగా వెళ్లి సెక్రటరీకి చెప్పింది. ఆయన మర్యాదగా విన్నాడు. "మంచిదమ్మా. కానీ వేరే అతన్ని పెట్టుకున్నాం. అతనూ బానే చేస్తున్నాడు. ఏం చెప్పి మాన్పించమంటారు?"

ఆమె నమస్కారం పెట్టి వచ్చేసింది. ఇప్పటికీ పొద్దున్నే కొట్టు తెరిచేవేళకు, ఆ కొత్త ప్లంబరు సామాను సంచి భుజానేసుకుని ఆమె ముందునుంచే అపార్ట్‌మెంటుకు వెళ్తుంటాడు. నవ్వుతూ పలకరిస్తాడు కూడా. ఆమె తల ఊపి, సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు మిషనుమీదికి వంగిపోతుంది.