మిట్టమధ్యాహ్నం తగ్గే నుయ్యి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ లోకంలో ఒకటుందంటే నేను నమ్మేదాన్ని కాదు. ఎలక్ట్రానిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను, చేతిలో అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు ఉంది, ఫోన్లో నెట్ అప్పుడప్పుడే చవకయింది. (ఇక కాలు నేల మీద నిలుస్తుందా?) కంచరపాలెంలో మా అద్దింట్లో ఏ వస్తువు కనపడినా దానికి రెండు తీగలు తగిలించి, దాని సంగతి ఫోన్లో చూడాలనిపించేది. డాబా మీద ట్యాంకు అయింది, ఫ్రిజ్జు అయింది, చివరికి అమ్మ ఇడ్లీ పిండి గిన్నె కూడా అయింది. పిండి పొంగిందని నేను వీధి గదిలోంచి ఫోను చూసి ప్రకటిస్తే, అమ్మ వంటింట్లో మూత ఎత్తి చూసి, "మూత తీత్తే తెలీదేటి?" అనేది. ఆ మాట పడ్డాక, మూత తీసి చూడటానికి వీల్లేనంత దూరంలో ఉన్న వస్తువేదైనా దొరుకుతుందా అని వెతికాను. సబ్బవరం అవతల మా మావయ్య పొలంలో నుయ్యి దొరికింది.

ఆ నుయ్యి మావయ్య ఒక్కడిదే కాదు. గట్టుకు అవతలి పొలం ఆయనకు అందులో సగం వాటా. ఎండైనా వానైనా గొడుగు వదలడు కనక నేనాయన్ని గొడుగు పెదనాన్న అనేదాన్ని. ఇద్దరికీ చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవారు. కలిసి తవ్వించిన నుయ్యి, ఒకటే మోటారు, మోటారు గదికి ఒకటే తాళం. ఒకరోజు నీళ్ళు ఈయన వంతు, మర్నాడు ఆయన వంతు. ముప్ఫై ఏళ్ళుగా ఆ వంతుల గురించి కాగితం రాసుకున్నది లేదు, మాట అనుకున్నది లేదు. అలాంటి చోటికి నేను బోర్డు పట్టుకుని బయల్దేరాను.

నా ఏర్పాటు తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. టీవీ పెట్టెలో వచ్చిన థర్మకోల్ ముక్క ఒకటి నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. దానికి కట్టిన తాడు పైన కప్పీ మీదుగా వెళ్ళి అవతల చిన్న బరువుతో వేలాడుతుంది. నీళ్ళు పెరిగినా తరిగినా కప్పీ తిరుగుతుంది, ఎంత తిరిగిందో బోర్డు లెక్కగట్టి, తనలో ఉన్న సిమ్ కార్డు ద్వారా పావుగంటకోసారి నా ఫోనుకు పంపుతుంది. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం కనక యాంటెనాను వెదురు గెడకు కట్టి మోటారు గది మీద నిలబెట్టాం. మావయ్య పొంగిపోయాడు గానీ అత్త మాత్రం కింద నిలబడి చాలాసేపు చూసి, "దిష్టిబొమ్మకి తలకాయ మర్సిపోనావేటే?" అంది.

మర్నాడు అమ్మతో వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్ల సందులో ఉన్నాను. అమ్మ చింతపండు బేరమాడుతోంది, వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, నేనొక గోడకు ఒదిగి నిలబడి ఫోన్ తీశాను. నూతిలో నీళ్ళు పదకొండు అడుగుల రెండంగుళాలు. చూస్తూ ఉండగానే పావుగంట తిరిగి, పదకొండడుగుల ఒకటిన్నర అయింది. మావయ్య మోటారు వేశాడన్నమాట. నా ఒళ్ళు జలదరించింది. పదిమంది తోసుకు వెళుతున్న ఆ సందులో నిలబడి, ఎక్కడో పొలాల మధ్య రాతి గోడల లోపల నీళ్ళు అరంగుళం దిగడం నేను చూశాను. ఆ తర్వాత ఉద్యోగరీత్యా ఎన్ని యంత్రాలు చూశానో గానీ అంతటి ఆశ్చర్యం మళ్ళీ కలగలేదు. అమ్మకు చూపిస్తే ఫోను చేతిలోకి తీసుకుని, ఆ అంకెను వేలితో ముట్టుకుని, "మా అన్నయ్య నూతిలో నీల్లేనా ఇయ్యి?" అంది. అప్పుడు మాత్రం మూత మాట ఎత్తలేదు.

వారం తిరిగేసరికి నేను దొంగను పట్టాను. రోజూ పన్నెండు దాటగానే నూతిలో నీళ్ళు పావుగంటలో నాలుగు వేళ్ళు దిగుతున్నాయి, ఒంటిగంటన్నరకల్లా మళ్ళీ యథాస్థానానికి వస్తున్నాయి. మావయ్య వంతు రోజుల్లో కూడా అంతే. ఆ వేళకు మావయ్య భోజనానికి ఇంటికి వెళతాడు. పొలం పక్కనే పాక వేసుకున్నది గొడుగు పెదనాన్న. ఇంకేం కావాలి? పైగా మబ్బు పట్టిన రోజుల్లో నీళ్ళు దిగడం లేదు. మబ్బుగా ఉంటే చేనుకు నీళ్ళు అక్కర్లేదు కనక దొంగకు పని లేదని నేను తీర్మానించాను. (అంత పెద్ద నూతిలో నాలుగు వేళ్ళ నీళ్ళు పావుగంటలో తోడాలంటే ఫైరింజన్లు రావాలి. ఆ లెక్క స్కూలు పిల్లలైనా వేస్తారు. నేను వేయలేదు.) ఫోన్లో గీతను ఫొటో తీసి మావయ్యకు పంపించి, "మీ బావ మజ్జానం మోటారు ఏసేత్తన్నాడు మావయ్యా" అని చెప్పాను. ఆ మాట చెప్పినప్పుడు నా గొంతులో ఎంత గర్వం ఉందో ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

మావయ్య నోరున్న మనిషి కాదు. మోటారు గదికి రెండో తాళం వేశాడు, అంతే. పెదనాన్న వచ్చి ఆ తాళం చూసి, పట్టుకుని లాగి, గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడట. ఆ పూట నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆ నాలుగు రోజులూ మబ్బు పట్టి నీళ్ళు దిగకపోయేసరికి, తాళం పనిచేసిందనే నేననుకున్నాను. వాటా పంచేసుకుంటాం, నూతిలో అడ్డగోడ కట్టించండి అనేదాకా వచ్చింది. ఆదివారం నలుగురు పెద్దమనుషులు నూతి దగ్గర కూర్చుంటున్నారని, ఫోను పట్టుకుని నన్ను సాక్షిగా రమ్మన్నారని కబురొచ్చింది. ఎంత సరదాగా మొదలుపెట్టానో, రెండు ఇళ్ళ మధ్య ఏం తెగ్గొట్టబోతున్నానో అప్పుడు అర్థమైంది.

ఆ రోజు ఎండ మండిపోతోంది. పెద్దమనుషులు మోటారు గది నీడలో కూర్చున్నారు. మావయ్య ఒక పక్క, పెదనాన్న ఒక పక్క, మధ్యలో నేను, నా చేతిలో ఫోను. "నాను నీల్లు దొంగిలించినానని ఈ గుంట ఫోను సెప్పిందా బావా?" అని పెదనాన్న అడిగాడు. మావయ్య నేలకేసి చూశాడు. పన్నెండుంబావు అయింది. ఫోన్లో అంకె మారింది. నాలుగు వేళ్ళు తగ్గింది. "ఇదిగో, ఇప్పుడే తగ్గింది" అని అలవాటు కొద్దీ అనేసి, నాలిక కరుచుకున్నాను. దొంగ నా ఎదురుగా నిలబడి ఉన్నాడు, మోటారు గదికి రెండు తాళాలూ వేసి ఉన్నాయి, అయినా నీళ్ళు తగ్గాయి. పెద్దమనుషులంతా లేచి వచ్చి నా ఫోను చుట్టూ మూగి, దాన్ని ఎండకు వారగా తిప్పి తిప్పి చూస్తున్నారు. ఇంతమందిలో ఒక్కరికీ పది అడుగుల దూరంలో ఉన్న నూతిలోకి చూడాలని తోచలేదు. అత్త వెళ్ళి గట్టు మీద చేతులు ఆనించి తొంగిచూసింది.

"ఒలే గుంటా, ఇలాగొచ్చి సూడు. దొంగోడు నీ దాని మీదే కూకున్నాడు."

అందరం చూశాం. థర్మకోల్ ముక్క మీద పళ్ళెమంత తాబేలు ఒకటి, నాలుగు కాళ్ళూ బారచాపి, మెడ పైకెత్తి, కళ్ళు మూసుకుని ఎండ కాచుకుంటోంది. దాని బరువుకు ముక్క నాలుగు వేళ్ళు మునిగింది. నూతిలోకి ఎండ నేరుగా పడేది రోజు మొత్తంలో ఆ కాసేపే. మబ్బు రోజున అదెందుకు ఎక్కుతుంది?

నవ్వడానికి ఎవరికీ వెంటనే ధైర్యం చాలలేదు. మెల్లగా మావయ్య అన్నాడు, "ఇది మనిద్దరం ఒదిలిందే కదా బావా." నుయ్యి తవ్వించిన ఏడాదే, నీళ్ళు శుభ్రంగా ఉంటాయని ఇద్దరూ కలిసి తెచ్చి వదిలి, మరిచిపోయారట. పెదనాన్న దాన్నే చూస్తూ, "అయితే ఈ దొంగతనంలో నీకూ సగం వాటా ఉన్నట్టే" అన్నాడు. అప్పుడు నవ్వారు. మావయ్య రెండో తాళం తీసి, బియ్యం పెట్టెకు పనికొస్తుందని అత్త చేతికిచ్చాడు. నేను మాత్రం సిగ్గుతో తల ఎత్తలేక, "నాదే తప్పు పెదనాన్నా" అన్నాను. "నీ ఫోనుదేటి తప్పు? తగ్గిందంది, తగ్గింది. ఎవుడు తగ్గించినాడన్నది మనమే అనేసుకున్నాం" అన్నాడాయన. తిడితే ఏడ్చి ఊరుకునేదాన్ని. అలా అన్నాడు కనక ఇన్నేళ్ళయినా మరిచిపోలేకపోయాను.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నమయ్యేసరికి ఆయన నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. "ఎక్కిందేటమ్మా?" నేను కంచరపాలెంలో తెర చూసి, "ఎక్కింది పెదనాన్నా" అనేదాన్ని. మరి మీరు ఎక్కడున్నారంటే, నూతి గట్టు మీదే ఉన్నాననేవాడు. "ముందు నువ్వు సెప్పి, తరవాత నాను సూత్తే బాగుంటాది. అంత దూరంనుంచి దీని కునుకు నీకు కనిపిత్తందంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు." నిజానికి నాకూ నమ్మబుద్ధి అయ్యేది కాదు. ఒక తాబేలు నాకు తెలియకుండానే వారం రోజులు తన మధ్యాహ్నాన్ని గీత గీసి పంపిస్తే, నేను దాన్ని దొంగతనమని చదువుకున్నాను.

వానలు మొదలయ్యాక బోర్డులో నీళ్ళు దూరి, ఒక రాత్రి అంకెలు ఆగిపోయాయి. మావయ్యకు చెప్పాను గానీ పెదనాన్నకు చెప్పడానికి మనసొప్పలేదు. మర్నాడు వాన వెలిసింది, వేళకు ఫోన్ మోగింది. "ఎక్కిందేటమ్మా?" నా ముందున్న తెర ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే ఎదురింటి డాబా మీద ఎండ తెల్లగా పడుతోంది. "ఎక్కింది పెదనాన్నా" అన్నాను. అవతల ఆయన నూతిలోకి చూడటానికి గట్టంచుకు నడిచిన చెప్పుల చప్పుడు వినిపించింది.

"అవునమ్మా, ఎక్కింది" అన్నాడు.