వాపు సంగతి చెప్పిన మనిషి

అంకుల్ పోయారని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున ఎనిమిదింటికి బ్రాక్‌నెల్ స్టేషన్ నుంచి ఆఫీసుకు నడుస్తున్నాను. ఆ అమ్మాయి ఇక్కడే, ఇంగ్లండులోనే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబెప్పుడూ ఇంగ్లీషులోనే ఇస్తుంది. ఆ రోజు మాత్రం "నాన్న పోయిండు, ఆంటీ" అని తండ్రి భాషలోనే చెప్పి, తర్వాత ఏమనాలో తోచక సారీ అంది. ఆయన ఊపిరితిత్తులు చాన్నాళ్ల నుంచి బాగాలేవు. పాతికేళ్లకు పైగా పీల్చింది ఎండుగడ్డి దుమ్ము.

మీలో ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువే ఉంటారు. హైదరాబాదులో మలక్‌పేట రేసుకోర్సు దగ్గర సయీసుగా గుర్రాలను కడుగుతూ, మేపుతూ, నడిపిస్తూ పని నేర్చుకున్నారు. ఆ పని మీదే ఈ దేశం వచ్చారు. రేసు గుర్రాలకు తర్ఫీదిచ్చే చోటును ఇక్కడ యార్డు అంటారు. అలాంటి యార్డు ఒకదానిలో కుదిరారు.

నాకు మొదట కనిపించింది జీపీ సర్జరీలో, అంటే మా పేట డాక్టరు క్లినిక్‌లో. అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ లోపలికి వచ్చి కూర్చున్నాను. పక్క కుర్చీలో మనిషి నా కాళ్లకేసి చూస్తున్నాడు. కోపం వచ్చి తల తిప్పాను. "నీకు కుడి తుంటి నొస్తున్నది గదా, బిడ్డా? నడక చెప్తున్నది" అన్నారు. ఆ మాటే చెప్పడానికి మా డాక్టరుకు మూడు అపాయింట్‌మెంట్లు పట్టింది.

అప్పటినుంచి ఆదివారాలు మా ఫ్లాట్‌కు వచ్చేవారు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. జేబులో పిప్పరమెంట్లు గుర్రాలకనే ఉండేవి, మా పిల్లలు వాటికి అలవాటు పడ్డారు. అప్పుడప్పుడూ మాటల మధ్యలో ఏదో ఒకటి అనేవారు. "నిలవెట్టి చూపిచ్చిన గుర్రాన్ని కొనొద్దు. నడిపిచ్చి చూడాలె." లేకపోతే, "ఎవరు చెప్తుండ్రన్నది కాదు బిడ్డా, ఎవరి పైసలతోని చెప్తుండ్రో అడుగు." నేను నవ్వి ఊరుకునేదాన్ని.

మా ఆఫీసులో ఆరుగురం కలిసి ఒక రేసు గుర్రాన్ని కొనాలనుకున్నాం. ఆడపిల్లకు గుర్రమెందుకే అని అమ్మ అడిగింది. శనివారాలు ఎక్కడికైనా వెళ్లడానికి ఒక కారణం కావాలని చెప్పాను. మాకు గుర్రాల గురించి ఏమీ తెలియదు కాబట్టి ఫీజు ఇచ్చి ఒక ఏజెంటును పెట్టుకున్నాం. మర్యాదైన మనిషి. మా పేర్లన్నీ సరిగ్గా పలకడం నేర్చుకున్నాడు. అతని సంగతి అంకుల్‌తో చెబితే, ఆయన సాసర్ కింద పెట్టి, వానొచ్చేలా ఉందని లేచి వెళ్లిపోయారు.

గుర్రాన్ని చూడ్డానికి వెళితే అది అంకుల్ పనిచేసే యార్డే. ముదురు గోధుమరంగు గుర్రాన్ని పగ్గం పట్టుకుని తీసుకొచ్చింది ఆయనే. నావైపు చూడలేదు. యార్డు పెద్దల ముందు బిడియమేమో అనుకున్నాను. మిగతా ఐదుగురిలో ఇద్దరు ఇంకొన్ని చూద్దామన్నారు. వాళ్లను ఒప్పించింది నేనే. మనవాళ్ల చేతిలో పెరిగిన గుర్రం, ఇంకేం కావాలి అన్నాను. ఏజెంటు తెచ్చిన పశువైద్యుడు కాళ్లు తడిమి బాగుందన్నాడు. కొన్నాం.

గుర్రం రెండు రేసులు పరుగెత్తింది. మూడోదానిలో సగంలో ఆగిపోయింది. స్కాన్ తీసినాయన ముందరికాలి నరం దెబ్బతిని చాలా కాలమైందనీ, ఇది కొత్త గాయం కాదనీ చెప్పాడు. అంకుల్ ఆదివారాలు రావడం మానేశారు.

నాలుగు వారాల తర్వాత వచ్చారు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పారు.

"పది దినాలు ఆ కాలికి చన్నీళ్లు వట్టింది నేనే, బిడ్డా. ఐసు గట్టింది నేనే. మీరొచ్చే పొద్దుకు వాపు దిగింది."

ఆ గుర్రానికి యజమాని అడిగిన ధర ఒకటి, మాకు చెప్పిన ధర ఇంకొకటి. మధ్యలో మిగిలింది మా ఏజెంటూ, యార్డు మేనేజరూ పంచుకున్నారు. మేమిచ్చిన ఫీజు కాక ఇది. యార్డులో నోరు మూసుకున్న ప్రతివాళ్లకూ ఒక కవరు. ఇదంతా ఆయన తలెత్తకుండా చెప్పారు. ఇది మొదటిసారి కూడా కాదట.

"నాకూ ఇచ్చిండ్రు. తీసుకున్న. ఊడిన పన్ను గట్టించుకున్న దాంతోని. నువ్వు నన్ను జూసి కొన్నవు. అది తెలిసి గూడ మాట్లాడలే."

నేను ఆయనకు ఆ రోజు టీ ఇవ్వలేదు.

లాయరు దగ్గరికి వెళ్లాం. లోపలి మనిషి ఎవరైనా రాసిస్తే తప్ప కేసు నిలవదన్నాడు. అంకుల్‌ను అడిగాను. అడిగేటప్పుడు ఆయన ఉద్యోగం సంగతి తట్టలేదని చెప్పను. తట్టింది. అయినా అడిగాను. ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. కవరు సంగతి కావాలనే వదిలేశాను. చదివి వినిపించమన్నారు. రెండోసారి చదివించుకుని, "నా కవరు ఏది?" అన్నారు. అది రాసేదాకా సంతకం పెట్టలేదు.

ఆ కాగితం అవతలివాళ్లకు చేరిన వారానికి యార్డు డ్యూటీల పట్టికలో ఆయన పేరు లేదు. చుట్టుపక్కల యార్డులకూ కబురు వెళ్లింది. పాతిక మైళ్ల లోపల ఆయనకు గుర్రం పని ఇచ్చేవాళ్లు లేకపోయారు. సూపర్‌మార్కెట్ కార్‌పార్క్‌లో ట్రాలీలు తోసే పనికి చేరారు.

మాకు మాత్రం రాజీ కాగితం వచ్చింది. మేమిచ్చినదాంట్లో చాలావరకు వెనక్కి ఇస్తారు, మేము బయట నోరెత్తకూడదు. ఆరుగురం అలిసిపోయి ఉన్నాం. ఒకరికి వీసా గొడవ, ఒకరికి పురుడు. నేనూ సంతకం పెట్టాను. ఏజెంటు ఈనాటికీ గుర్రాలు కొనిపెడుతూనే ఉన్నాడని విన్నాను.

ఆ సంగతి చెప్పడానికి కార్‌పార్క్‌కే వెళ్లాను. ఆయన తిడితే బాగుండుననుకున్నాను. ట్రాలీల వరుసను గోడకు ఆనించి, నా మాట పూర్తిగా విన్నారు.

"మంచిదే, బిడ్డా. గుర్రం ఎక్కడున్నది?"

నాకు తెలియదు. ఆరుగురిలో ఎవరికీ తెలియదు. కుంటిదైపోయాక, దానికి తర్ఫీదిచ్చిన ట్రైనరు ఎవరికో ఇచ్చేశానంటే సరేనన్నాం. వారం రోజులు ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఒక రిటైరైన టీచరమ్మ తన పొలంలో ఉంచుకుంది. రెండు బస్సులు మారితే వెళ్లొచ్చు. అప్పటినుంచి అంకుల్ ఆదివారాలు అక్కడికి వెళ్లేవారు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మా ఇంటికి వచ్చేవారు. గుర్రం ఎలా ఉందని నేను అడగకపోయినా చెప్పేవారు. పోయినేడు చలికాలంలో అది చనిపోతే, అంకుల్ దాని పక్కన గడ్డిలో కూర్చుని ఉన్నారనీ, తానే లేపి ఇంట్లోకి తీసుకొచ్చాననీ ఆ టీచరమ్మ నాకు చెప్పింది.

ఆయన గొప్పవాడని రాయలేను. ఆయనే ఒప్పుకోరు. తప్పు చేశాక చెప్పారు, చెప్పినందుకు ఖరీదు ఆయనే కట్టారు, మేము కట్టలేదు. ఈమధ్య ఆఫీసు మీటింగుల్లో ఎవరైనా ఒక కంపెనీని మరీ మెచ్చుకుంటుంటే, మీకు వాళ్లతో ఏమైనా సంబంధముందా అని అడుగుతున్నాను. ఆ ప్రశ్న ఆయన ఇచ్చిందే.

దహనానికి పది పదిహేను మందిమి ఉంటామనుకున్నాం. యార్డు నుంచి ఎవరూ రారని కూతురు ముందే చెప్పింది. అంతా కూర్చున్నాక తలుపు తెరుచుకుని, గుర్రాన్ని ఉంచుకున్న ఆ టీచరమ్మ వచ్చింది. మట్టి బూట్లు, స్వెట్టర్ మీద గడ్డి పరకలు. పని మధ్యలోంచి వచ్చినట్టుంది. నేరుగా శవపేటిక దగ్గరికి వెళ్లి, దానికి భుజం ఆనించి నిలబడి, గుర్రం మెడను నిమిరినట్టు అరచేతితో పైనుంచి కిందికి మెల్లగా ఒక్కసారి నిమిరింది. పేటికను మరుగుపరిచే తెర కదలడం మొదలైనా చెయ్యి అక్కడే ఉంచింది.