సంతలో అరటిపళ్ళన్నీ కొన్న మొనగాడు

గజపతినగరం సంతలో అరటిపళ్ళన్నీ ఒక్క పూటలో కొనేసిన మొనగాడు ఈ జిల్లాలో నేనొక్కడినే. పద్నాలుగు గెలలు. రెండ్రోజుల్లో కుళ్ళిపోయే ముగ్గిన గెలకు నిలవుండే పచ్చిగెల ధర కట్టి, ఒక్క పండు కూడా ఇంకొకరి చేతికి పోకుండా మా కొట్టు వెనక గదిలోకి దింపించాను. అంత తెలివితక్కువ పని మా వంశంలో అంతకుముందు ఎవరూ చేయలేదు.

మర్నాడు పొద్దున్నే హైస్కూలు మైదానంలో మిలట్రీలోకి కుర్రాళ్ళని ఎంచుకుంటారు. అరవైల చివరి రోజులు. చైనాతో యుద్ధమన్నారు, అయిపోయిందన్నారు. పాకిస్తాన్‌తో అన్నారు, అదీ అయిపోయిందన్నారు. అయినా దేశానికి ఆ చివరనున్న తూర్పు కొండల్లో మనవాళ్ళు చస్తూనే ఉన్నారు. ఎప్పటికి తెములుతుందో చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. గడువు చెప్పకుండా అరువు అడిగేవాడికి మా కొట్లో ఉప్పుకల్లు కూడా పెట్టం. ఊళ్ళు మాత్రం కొడుకుల్ని ఇస్తున్నాయి. వారం ముందు మైకులో "దేశం పిలుస్తోంది" అని గొంతు చించుకున్న పెద్దమనిషి కొడుకు విశాఖపట్నంలో ఫ్యాను కింద చదువుకుంటున్నాడు. ఆ పిలుపు అంతదూరం వినిపించలేదు కాబోలు.

నా చిన్ననాటి స్నేహితుడు, పక్క పల్లె రైతుబిడ్డ, తానూ వెళ్తానన్నాడు. వాడి అన్న అప్పటికే ఆ కొండల్లో ఒక కాలు వదిలేసి వచ్చి, చేనుగట్టున కూర్చుని పిట్టల్ని తోలుతున్నాడు. వాళ్ళమ్మ మా కొట్టుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"బాబూ, నీ మాటింటాడు. ఆడ్నాపు. ఒకడ్నిచ్చీసినాను, సాలదేటి?"

మాటతో ఆపబోయాను.

"అన్నని సూసి కూడా బుద్ధి రాలేదేట్రా నీకు?"

"ఇక్కడుండి ఏటి తింటాన్రా? ఆళ్ళు మూడు పూటలా కూడెడతారు. నువ్వు బెల్లం తూసుకో సావుకారీ, నీకేటి తెలుస్తాది!"

అయితే వాడికో లోటుంది. మా బస్తాల కాటా మీద రోజూ ఎక్కి చూసుకునేవాడు: మిలట్రీ అడిగే బరువుకి కేజీన్నర తక్కువ. అలాంటి బక్కవాళ్ళంతా చేసే పని ఒకటే. పరుగుపందెం అయ్యాక, తూకానికి ముందు, అరడజను అరటిపళ్ళు మింగి పెద్ద చెంబుడు నీళ్ళు తాగడం. ఉత్తి నీళ్ళు వరసలో నిలబడేలోగా దిగిపోతాయి, పండైతే కడుపులో కూర్చుంటుందని వాళ్ళ నమ్మకం. అందుకే నేను పళ్ళన్నీ కొన్నాను.

నాన్న గది తలుపు తీసి చూశాడు.

"ఏటిరా ఇది, కోతుల్ని పెంచుతావేటి?"

"ఇవి అమ్మేవి కాదు నాన్నా."

"అమ్మనోడివి కొన్నావెందుకురా? రేపు సాయంత్రం ఈగలొచ్చి కొంటాయి."

తెల్లారి స్నేహితుడు బజారంతా తిరిగి చివరికి నా దగ్గరికే వచ్చాడు.

"ఒరే, ఒక్క అరటిపళ్ళ అత్తం ఇయ్యి."

"లేవు."

"గది లోంచి వాసనొస్తన్నాది కదేటి!"

"నీ ముక్కు బాగులేదు. మిలట్రీ డాక్టరుకి సూపించుకో."

తిట్టుకుంటూ పోయాడు. గెలిచానని గల్లాపెట్టె ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

అప్పుడొచ్చాడు ఇంకో కుర్రాడు. పొందూరు వైపువాడట, పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు.

"అన్నా, ఒక అత్తం. దరెంతైనా పరవాలేదు."

లేవని చెప్పాల్సింది. కానీ వీడు నావాడు కాదు, వీడి తల్లి నన్నేమీ అడగలేదు. నోరు దానంతటదే మూడింతల ధర చెప్పింది. వాడు మారుమాట లేకుండా డబ్బులు పెట్టాడు. బేరమాడనివాణ్ణి చూస్తే మా ఇంట్లో ఎవరికీ చెయ్యాగదు. డజను పళ్ళున్న అత్తం కోసి ఇచ్చేశాను.

మధ్యాహ్నం స్నేహితుడు ఇకిలిస్తూ వచ్చాడు.

"పాసైపోనాన్రా! వరసలో నా ముందర పొందూరోడొకడు. సగం నాకెట్టీసినాడు, మారాజు. ఆడూ పాసే. ఎవుడో సావుకారి దొంగదర సెప్పినాడని ఒకటే తిట్టడం. నువ్వేనేట్రా? తియ్యగున్నాయిలే."

రెండేళ్ళు తిరక్కుండా తూర్పు కొండల నుంచి టెలిగ్రాం వచ్చింది. ఆ తరవాత వాళ్ళమ్మ మా కొట్టు దాటి, ఉప్పు కోసం బజారు చివరిదాకా నడిచిపోయేది.

ఇన్నేళ్ళూ ఈ సంగతి చెప్పినప్పుడల్లా, పద్నాలుగు గెలలూ కుళ్ళి మురుక్కాలవ పాలయ్యాయనే చోట ఆపి నలుగురినీ నవ్వించాను. సరిగ్గా లెక్క వేస్తే అవి కుళ్ళడమే నేను చేసిన మంచి. నేనమ్మిన ఆ ఒక్క అత్తమూ కుళ్ళనివ్వాల్సింది. యుద్ధాన్ని తిట్టిన నోటితోనే దానికి ధర చెప్పాను. ఆ అత్తంలో ఆరు పళ్ళు నా స్నేహితుడు తిన్నాడు. మిగతా ఆరు తిన్న పొందూరు కుర్రాడు తిరిగొచ్చాడో లేదో ఒక్కనాడూ కనుక్కోలేదు. పొందూరు ఏమంత దూరం కాదు. ఇంతకాలం ఒక్కణ్ణే నా లెక్కలో రాసుకున్నాను. నేను పంపింది ఇద్దరిని.