పెద్దమ్మ పాటలున్న డ్రైవు

తిరుపతిలో పరిశోధన చేసే రోజుల్లో నా కంప్యూటర్‌లో ఉన్నది ఒకే చిన్న డిస్కు. నాలుగు పాటలు ఎక్కిస్తే నిండిపోయేది. మా విభాగంలోనే పక్క గదిలో పరిశోధన చేసే సీనియర్‌ను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన కంప్యూటర్ కొత్తది. దాని పెద్ద డిస్కును సి, డి, ఇ, ఎఫ్ అని భాగాలు చేసి పెట్టుకున్నాడు.

"నీ పాటలకు చోటు లేకుంటే నా డిస్కు ఉండాది కదమ్మా" అని, గోడ మీదుగా వైరు లాగి రెండు కంప్యూటర్లనూ ఆయనే కలిపాడు. మర్నాటి నుంచి ఆయన ఇ, ఎఫ్ డ్రైవులు నా తెర మీద నావే అయినట్టు కనిపించేవి. వాటిలో ఏమైనా దాచుకోవచ్చు, చెరిపేయొచ్చు. ఎవరో బీరువా తాళాలు నా చేతికిచ్చినంత సంబరపడ్డాను.

పూతలపట్టు చుట్టుపక్కల ఆడవాళ్లు చెరకు తోటల్లో, చెనక్కాయ చేలల్లో పాడుకునే పాటల మీద నా పరిశోధన. ఎక్కువ పాటలు మా పెద్దమ్మవే. కూలికి పోయి వచ్చి, కాళ్లు కడుక్కుని, వాకిట్లో కూర్చుని పాడేది. వాటిని క్యాసెట్లలో పట్టి తెచ్చి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎఫ్ డ్రైవులో దాచేదాన్ని.

"ఊరికే కొత్త క్యాసెట్లు ఎందుకు కొంటావు మా? డిస్కులో పాటలు భద్రంగా ఉండాయి కదా. ఆ క్యాసెట్ల మీదే మళ్లా రికార్డు చేసుకో" అన్నాడు అన్న. అలాగే చేశాను.

ఒక సోమవారం ఎఫ్ డ్రైవు తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. అంతకుముందెప్పుడూ అడగలేదు. పక్క గదికి పరుగెత్తాను.

"వైరస్సు వచ్చింది మా. నిన్న అంతా ఫార్మాట్ చేసేసినాను."

"నాకొక మాట చెప్పుండొచ్చు కదన్నా!"

"చెప్పేంత టైము యాడుండాది?"

ఖాళీ డ్రైవుకు పాస్‌వర్డ్ ఎందుకని ఆ రోజు నాకు తట్టలేదు. ఏడుస్తుంటే ఆయనే క్యాంటీనుకు తీసుకెళ్లి కాఫీ ఇప్పించాడు. ఆ కాఫీ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొన్ని నెలల తర్వాత చంద్రగిరిలో ఒక సదస్సు జరిగింది. అన్న పత్రం చదువుతుండగా స్పీకర్లలోంచి మా పెద్దమ్మ గొంతు వినిపించింది. చెరకు నరికేటప్పుడు పాడే పాట. రెండో చరణానికి ముందు "ఇంగొకసారి పాడు పెద్దమ్మా" అని నేనన్న మాట ఉండాలి. అక్కడ పాట చిన్నగా ఎగిరి ముందుకు పోయింది, అంతే. నా మాటను కత్తిరించేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

వరండాలో ఆయన్ను ఆపాను.

"అవి నేను పట్టిన పాటలు కదన్నా?"

"జనం పాటలు మా. నీయి ఎట్లయితాయి? డిస్కు నాది."

"పెద్దమ్మ నాది!"

నవ్వేసి గుంపులో కలిసిపోయాడు. మా గైడుకు చెబితే, "రుజువేముందమ్మా? క్యాసెట్లు చూపించు" అన్నారు. క్యాసెట్లలో వేరే పాటలున్నాయి.

పూతలపట్టు వెళ్లి పెద్దమ్మకు జరిగిందంతా చెప్పాను. డిస్కు, డ్రైవు ఆమెకు తెలియవు. మిగతాదంతా తెలిసింది.

"అన్నా అని పిలిస్తివి కదే వాణ్ణి!" అంది. కాసేపటికి గొంతు సవరించుకుని, "ఆ టేపు పెట్టె తీ. మళ్లా పాడతాను" అంది.

పాడింది. చాలా చరణాలు గుర్తుకు రాలేదు. వెళ్లి ఆ చరణాల కోసం అన్ననే అడిగితేనో అని ఒక్క క్షణం అనిపించింది. అడగలేదు. నా సిద్ధాంత గ్రంథంలో ఆ పాటలు సగం సగమే ఉన్నాయి.